ఉప్పునీళ్ళ పగ

షాహీన్‌ది బంగారం లాంటి మనసని పల్నాట్లో చాలామంది అంటారు. నకరికల్లు నుంచి గురజాల దాకా ఆమె ఇంటికొచ్చి చూసిన గుండెజబ్బు మనుషులందరిదీ అదే మాట. ఆమె పనిచేసే నరసరావుపేట ఆస్పత్రివాళ్ళు నర్సుల దినోత్సవం నాడు స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, సేవామూర్తి అన్నారు. షాహీన్ ఆ శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, లోపల్లోపల నవ్వుకుంటూ బస్సెక్కింది. ఆమెని ఊరూరూ తిప్పుతున్నది సేవ కాదు, పగ. ఒకే ఒక్క మనిషి మీద పగ. ఆ సంగతి స్టేజీ మీద చెప్పి ఉంటే మైకు లాక్కునేవాళ్ళు.

షాహీన్ తండ్రి జహీర్ గురజాల బస్టాండు వెనక మోటార్ల మెకానిక్. బోరు మోటారైనా, మిరపతోటకి మందు కొట్టే స్ప్రేయరైనా, చెవి దగ్గర పెట్టుకుని విని రోగం ఏమిటో చెప్పేవాడు. తన గుండె చప్పుడు మాత్రం ఆయనకి వినపడలేదు. ఒక వేసవిలో కాళ్ళు వాచాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నరసరావుపేట తీసుకెళితే గుండె బలహీనపడింది, ఒంట్లో నీరు చేరుతోంది అన్నారు. వారం ఉంచుకుని, నీరు లాగేసి, ఇంటికి పంపారు. ‘ఉప్పు తగ్గించండి, మందులు మానొద్దు’ అని కౌంటర్ దగ్గరి అమ్మాయి చెప్పింది, అదీ తలెత్తకుండా. ఇంటికెళ్ళాక ఆ మనిషి ఎలా ఉన్నాడో కనుక్కునే నాథుడు లేడు.

ఇంటికెళ్ళాక వచ్చింది నీరసం. వారం రోజులు మంచానికి అతుక్కున్న మనిషికి నీరసం రాక ఇంకేం వస్తుంది? కానీ పల్నాట్లో నీరసానికి ఒకటే మందు, సెలైన్ బాటిల్. పత్తి తీసొచ్చిన ఆడమనిషి దగ్గర నుంచి, కూతురి పెళ్ళిపనుల్లో అలిసిపోయిన పెద్దమనిషి దాకా, ‘ఒక్క బాటిల్ ఎక్కించుకుంటే లేచి కూర్చుంటా’ అంటారు. ఎక్కించడానికి వీధికో ఆర్‌ఎంపీ ఉంటాడు. డాక్టరు చదువు చదవకపోయినా అందరూ డాక్టరు గారనే పిలుస్తారు. జహీర్ వాళ్ళ వీధికి త్రికోటేశ్వరరావు. ఆయన స్కూటర్ బాగుచేసేది జహీరే. ఒకరినొకరు అన్నా, తమ్ముడూ అనుకునేవాళ్ళు. షాహీన్‌కి చిన్నప్పటి నుంచీ ఆయన బాబాయే.

త్రికోటేశ్వరరావు సంచిలో సూదులతోపాటు సుత్తి, మేకులు కూడా ఉండేవి. మంచం పక్క గోడకి ఎత్తుగా ఒక మేకు కొట్టి, దానికి బాటిల్ తగిలించి, అందులో విటమిన్ సూది కలిపేవాడు. నీళ్ళు పసుప్పచ్చగా మారేవి. జనం దాన్ని బలం బాటిల్ అనేవాళ్ళు. చుక్కలు పడుతున్నంతసేపూ పక్కన కుర్చీ వేసుకుని ఊరి కబుర్లు చెప్పేవాడు. అలా జహీర్ ఇంటి గోడకీ ఒక మేకు పడింది.

సెలైన్ అంటే ఉప్పునీళ్ళు. ఒక్క బాటిల్‌లో దాదాపు చెంచాడు ఉప్పుంటుంది. ఉన్న నీటినే తోడలేక రొప్పుతున్న గుండె మీద అది తీసుకెళ్ళి గుమ్మరిస్తే ఊపిరితిత్తులు నీళ్ళతో నిండుతాయి. జహీర్‌కి నిండాయి. మళ్ళీ నరసరావుపేట, మళ్ళీ నీరు లాగడం, మళ్ళీ ఇల్లు, మళ్ళీ నీరసం, మళ్ళీ పసుపు బాటిల్. డాక్టరు చెప్పాడని ఆవకాయ జాడీ అటకెక్కించిన మనిషి, నరంలోంచి ఉప్పు తిన్నాడు. చివరిసారి ఆస్పత్రి మెట్ల దాకా కూడా చేరలేదు. నకరికల్లు దగ్గరపడుతుండగా అంబులెన్సులోనే పోయాడు.

అప్పటికి షాహీన్ హైదరాబాదులో ఐసీయూ నర్సు. ‘నీరసంగా ఉంటే బలానికి సూది వేయించాం’ అని తల్లి గుల్జార్ బేగం ఫోన్లో చెబితే, ఏదో విటమిన్ సూది అనుకుంది. ఖననం నాటి ఏడుపుల్లో ఏమీ కంటికి ఆనలేదు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకి వచ్చినప్పుడు మాత్రం, వంటింటి గూట్లో వరసగా నిలబెట్టిన ఖాళీ సెలైన్ బాటిళ్ళు కనిపించాయి. ఒకదాంట్లో కొబ్బరినూనె, ఒకదాంట్లో ఫినాయిలు.

“ఇయ్యెక్కడియ్యి అమ్మీ?”

“మీ అబ్బాకి ఎక్కించినయ్యే బేటా. కోటేశ్వరరావు చానా చూసుకున్నాడు. కబురంపితే చాలు, అన్నం ముందు కూర్చున్నోడు కూడా లేచొచ్చేవాడు” అంది గుల్జార్ బేగం కళ్ళు తుడుచుకుంటూ.

షాహీన్ వెనక్కి తిరిగి, మంచం పైన గోడకున్న మేకు వైపు చూసింది. ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. చున్నీ అయినా సర్దుకోకుండా త్రికోటేశ్వరరావు ఇంటికెళ్ళింది. ఆయన ఆప్యాయంగా కుర్చీ వేశాడు. అబ్బాకి ఆ బాటిళ్ళు ఎందుకు పెట్టారని అడిగింది.

“మీ నాన్న గుండె అప్పటికే అయిపోయిందమ్మా. మళ్ళీ మళ్ళీ ఆస్పత్రికి తిరగటం ఆ రోగం లక్షణం. నేను బాటిళ్ళు పెట్టబట్టే అన్నాళ్ళన్నా ఉన్నాడు” అని ఆమె తల నిమిరాడు.

ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ షాహీన్ పళ్ళు బిగబట్టి కూర్చుంది. కేసు తోలితే కొన్ని ఆస్పత్రులు ఆర్‌ఎంపీలకి ఎంతోకొంత ముట్టజెబుతాయని ఊళ్ళో అందరూ అనుకునే మాటే. ఈయనకి అన్నీ తెలుసు, తెలిసే బాటిల్ పెట్టాడు, తెలిసే మా అబ్బాని మళ్ళీ మళ్ళీ ఆస్పత్రికి తోలాడు అని ఆమె ఆ కుర్చీలోనే తీర్మానించుకుంది. ఈ చుట్టుపక్కల ఒక్క గోడకి కూడా నీ మేకు లేకుండా చేస్తా అనుకుంది. పైకి మాత్రం ‘వస్తా బాబాయ్’ అంది. ఆయన్ని ఆ వరసతో పిలవడం అదే ఆఖరు.

ఆ పగతోనే చదివింది. నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ళ పై చదువు ఉంది. రోగిని పరీక్ష చేయడం, ఛాతీ విని నీరు చేరిందో లేదో తేల్చడం, డాక్టరు గీసిచ్చిన హద్దుల్లో మందు పెంచడం తగ్గించడం, అవన్నీ నేర్పుతారు. అది పూర్తిచేసి, హైదరాబాదులో పెద్ద జీతం ఇస్తామన్నవాళ్ళకి దణ్ణం పెట్టి, నరసరావుపేటలో గుండె డాక్టరు శ్రీకర్ దగ్గర చేరింది. అక్కడ ఆమె పని ఒకటే. ఆస్పత్రి నుంచి ఇంటికెళ్ళిన మనిషి మళ్ళీ ఆస్పత్రి మంచం ఎక్కకుండా చూడటం.

చూసేది కూడా. డిశ్చార్జి ముందు రోగికి చెప్పేది, రోగికంటే ఎక్కువగా ఇంట్లో వండేవాళ్ళకి చెప్పేది. రెండో రోజు ఫోను. వారం తిరిగేలోపు ఇంటికి. వెళ్ళగానే కాళ్ళు నొక్కి వాపు చూసేది. రాత్రి ఆయాసం రాకుండా ఎన్ని దిండ్లు పెట్టుకున్నారని అడిగేది. రోజూ పొద్దున్నే బరువు చూసుకోమనేది, ఒక్కసారిగా పెరిగితే అది కండ కాదు, నీరు, వెంటనే ఫోన్ చెయ్యమనేది. మిరప కోతలకెళ్ళే ఆడవాళ్ళు నీరు దిగే బిళ్ళ మానేస్తుంటారు. చేలో పదిమంది మధ్య మాటిమాటికీ ఎక్కడికి లేచి వెళతారు? డాక్టర్లు వాళ్ళని మొండివాళ్ళని తిట్టేవాళ్ళు. షాహీన్ తిట్టలేదు. శ్రీకర్‌ని అడిగి ఆ బిళ్ళని పొద్దుటి నుంచి, వాళ్ళు ఇంటికొచ్చే వేళకి మార్చింది.

ఇవన్నీ అయ్యాక అసలు పని మొదలుపెట్టేది. ఒక చెంబులో అర లీటరు నీళ్ళు తెమ్మని, చెంచా ఉప్పు కలిపి, తాగమనేది. ఎంత మొండి మనిషైనా తుపుక్కున ఉమ్మేవాడు.

“థూ! ఏందమ్మా ఇది?”

“మీ బలం బాటిల్. రంగొక్కటే తక్కువ. నోటికి పట్టనిది నరానికి ఎట్టా పడతదనుకున్నారు?”

తర్వాత సంచిలోంచి తండ్రి కటింగ్ ప్లేయర్ తీసి, స్టూలెక్కి, గోడకున్న మేకు పీకేది. ఆ మేకు బయటికొచ్చేటప్పుడు కీచుమనే చప్పుడు ఆమెకి చెవులకింపుగా ఉండేది. పీకిన మేకుల్ని ఒక పాత రేకుడబ్బాలో వేసుకునేది. ఇంటికెళ్ళి ఆ డబ్బా ఊపి చూసుకునేది.

చూస్తుండగానే ఆ చుట్టుపక్కల గుండెజబ్బుతో తిరిగి ఆస్పత్రికొచ్చేవాళ్ళు తగ్గిపోయారు. శ్రీకర్ సంతోషించాడు. షాహీన్ సంతోషం వేరే. త్రికోటేశ్వరరావుని పిలిచేవాళ్ళు లేరు, గదిలో కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడని ఎవరైనా చెబితే, ఆ పూట టీ ఇంకో గ్లాసు అడిగి తాగేది. ‘ఆ పిల్ల నా పొట్ట కొడతంది’ అని ఆయన టీ కొట్టు దగ్గర మొత్తుకున్నాడని తెలిసిన రోజు అమ్మకి జిలేబీ కొనుక్కెళ్ళింది.

అలా ఉండగా ఒకరోజు వార్డులో కొత్త మంచం దగ్గర త్రికోటేశ్వరరావు నిలబడి ఉన్నాడు. మంచం మీద వాళ్ళమ్మ సుబ్బరత్నం. జహీర్‌ది ఏ జబ్బో ఈమెదీ అదే. ముసలామె గట్టిది, నోరు ఇంకా గట్టిది.

“నువ్వు జహీర్ కూతురివి కదంటే? మా ఇంటికొచ్చి జామకాయలు కోసకపోయేదానివి. ఇంత పెద్దదానివయ్యావా!”

“అవును మామ్మగారూ” అంది షాహీన్. కొడుకు వైపు చూడలేదు. ఆయనా తలెత్తలేదు.

డిశ్చార్జి రోజు షాహీన్ ముసలామె పక్కన కూర్చుని అన్నీ చెప్పింది. పచ్చళ్ళు, అప్పడాలు, ఎండుచేపలు వద్దంది. బిళ్ళల వేళలు చెప్పింది. బరువు చూసుకునే మిషను ఇచ్చింది. బాటిల్ మాట దగ్గరికొచ్చేసరికి ఆగింది. చెంబు పక్కనే ఉంది, ఉప్పు పొట్లం జేబులోనే ఉంది. ఆ పొట్లం తియ్యలేదు.

ఎందుకు తియ్యాలి అనుకుంది. డాక్టరు గారి తల్లికి నేను చెప్పేదేముంది? తెలిసినవాడైతే కన్నతల్లికి బాటిల్ పెట్టడు. పెట్టలేదంటే, మా అబ్బాకి తెలిసే పెట్టినట్టు. అప్పుడు నడిబజార్లో నిలబెట్టి, మీ అమ్మకి పెట్టని బాటిల్ మా అబ్బాకెందుకు పెట్టావని నలుగురి ముందూ అడుగుతా. ఇన్నేళ్ళుగా ఎదురుచూసింది ఆ ఒక్క ప్రశ్న కోసమే. మరి పెడితే? ఆ ఆలోచన రాగానే లేచి వెళ్ళిపోయింది. జామకాయలు పెట్టిన ముసలామె ప్రాణాన్ని పందెం కాసి, కారిడార్లో చేతులు కడుక్కుంది.

రెండో రోజు ఫోన్ చెయ్యలేదు. మూడో రోజూ చెయ్యలేదు. పిడుగురాళ్ళలో వేరే రోగిని చూస్తోంది కానీ, చెవిలో స్టెతస్కోపు పెట్టుకుంటే సుబ్బరత్నం గొంతే వినిపిస్తోంది. ఆ రోగి పెళ్ళాం భోంచేసి పొమ్మంటే కూడా ఆగకుండా, గురజాల బస్సెక్కింది.

త్రికోటేశ్వరరావు ఇంటి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ముందుగదిలోకి అడుగుపెట్టగానే, కిటికీ పక్క కొత్తగా కొట్టిన మేకూ, దానికి వేలాడుతున్న పసుపు బాటిలూ కనిపించాయి. సగం అయిపోయింది. సుబ్బరత్నం నోరు తెరిచి ఊపిరి ఎగబీలుస్తోంది. కొడుకు విసనకర్రతో విసురుతున్నాడు. భయంతో చెమటలు కక్కుతున్నాడు.

“వచ్చావా తల్లీ! నీరసం నీరసమని రెండు రోజుల్నుంచి ఒకటే గోల. ఊరందరికీ పెడతావు, కన్నతల్లికి పెట్టవేందిరా అని తిట్టింది. పెట్టా. ఇదేంది, ఇట్టా ఎగపోస్తంది?”

షాహీన్ చెయ్యి బాటిల్ గొట్టం మీదికి పోయింది. పోయి, అక్కడ ఆగింది. ఒక్క క్షణమే. వదిలెయ్, వీడికీ తెలియనీ అని ఒంట్లో ప్రతి నరమూ అరిచింది. ముసలామె కళ్ళు మాత్రం ఆమె మీదే ఉన్నాయి, వచ్చేసింది కదా ఇంక పర్లేదు అన్నట్టు. షాహీన్ గొంతులోంచి ఒక తిట్టు వచ్చింది. ఎవరిని తిట్టిందో ఆమెకే తెలియదు. గొట్టం మూసి సూది లాగేసింది.

“లేపండి! కూర్చోబెట్టండి! కాళ్ళు కిందకి ఏలాడెయ్యండి!” అని ఆయన మీద అరిచింది. ఛాతీ విని, బీపీ చూసి, శ్రీకర్‌కి ఫోన్ చేసింది. ఆయన సరేనన్నాక నీరు దిగే ఇంజెక్షను ఇచ్చింది. తగ్గకపోతే తీసుకెళ్ళడానికి అంబులెన్సుని పిలిపించి గుమ్మం ముందు నిలబెట్టింది. ముసలామె వీపు నిమురుతూ పక్కనే కూర్చుంది. కాసేపటికి సుబ్బరత్నం పక్కింటామె సాయంతో బాత్రూముకెళ్ళింది, మళ్ళీ వెళ్ళింది. సాయంత్రానికి ఊపిరి దారిలో పడింది. అంబులెన్సు ఖాళీగా వెనక్కెళ్ళింది.

అప్పుడు షాహీన్ లేచి, ఆ బాటిల్ మేకు నుంచి దించి, మిగిలిన పసుపు నీళ్ళు గ్లాసులో పోసి, త్రికోటేశ్వరరావు ముందు పెట్టింది.

“తాగు.”

పెద్దవాళ్ళని నువ్వు అనే పిల్ల కాదు. ఆ మాటకే ఆయన సగం చచ్చాడు. గుక్కెడు తాగి మొహం చిట్లించాడు.

“ఉప్ప...”

“మొత్తం తాగు. మా అబ్బాకి ఎన్ని బాటిళ్ళు ఎక్కించావో గుర్తు తెచ్చుకుంటా తాగు.”

ఆయన తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. ఏం చేశాడో అప్పటికి తలకెక్కింది.

“నాకు తెలవదమ్మా. మా అమ్మ మీద ఒట్టు, నాకు తెలవదు. మా గురువు పెట్టేవాడు, నేనూ పెట్టా. నువ్వు ఇంటింటికీ చెప్పేదంతా నా పొట్ట కొట్టటానికే అనుకున్నా. జహీరన్న నాకు తోడబుట్టినోడికంటే ఎక్కువ. తెలిస్తే పెడతానా?”

షాహీన్‌కి ఏడుపొచ్చింది. జాలితో కాదు, కడుపుమంటతో. అతను అబద్ధం చెప్పడం లేదని తెలుస్తూనే ఉంది. కన్నతల్లికే పెట్టాడు కదా! తెలిసి చేసినవాడైతే ఎంత బాగుండేది, గొంతు పట్టుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇన్నేళ్ళు మోసిన పగని తీసుకెళ్ళి ఈ తెలివితక్కువ మనిషి నెత్తిన దించితే, అది అతని నెత్తికి సరిపోవడం కూడా లేదు.

“ఒరేయ్ కోటిగా” అంది మంచం మీంచి సుబ్బరత్నం. అన్నీ వింటూనే ఉంది. “జహీర్‌ని చంపింది నువ్వేనంట్రా?”

కొడుకు తల వంచుకున్నాడు. ముసలామె షాహీన్ వైపు తిరిగింది.

“అమ్మాయ్, ఆస్పత్రిలో అప్పడం ముక్క కూడా మర్చిపోకుండా అన్నీ చెప్పావు. ఈ బాటిల్ సంగతి చెప్పలేదేందే?”

షాహీన్‌కి చెప్పడానికి ఒక్క అబద్ధం కూడా దొరకలేదు. సుబ్బరత్నం కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. పగ పట్టినవాళ్ళని తిట్టినా సహిస్తారు. అలా తిరిగి పడుకుంటే సహించలేరు.

షాహీన్ సంచిలోంచి తండ్రి కటింగ్ ప్లేయర్ తీసి త్రికోటేశ్వరరావు చేతిలో పెట్టింది.

“ఇంకా నీ మేకులున్న ఇళ్ళు ఎవరియ్యో నీకే తెలుసు. నువ్వే పీకు. ఊరికే పీకితే కాదు, ఎందుకు పీకుతున్నావో ఆ ఇంట్లోవాళ్ళకి చెప్పి పీకు. గుండె జబ్బోళ్ళకి ఇంకోసారి బాటిల్ పెట్టావో, ఆ గ్లాసు గుర్తుపెట్టుకో.”

ఆయన పీకాడు. వీధి వెంట వీధి, కటింగ్ ప్లేయర్ చేత్తో పట్టుకుని, చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా తిరిగాడు. కొందరు నవ్వారు. ఒకామె, మా అత్త కూడా ఇట్టాగే పోయిందని, శాపనార్థాలు పెట్టి చీపురు విసిరింది. షాహీన్ ఆ కబుర్లన్నీ విన్నది. ఇంతకు ముందులా ఇంకో టీ మాత్రం అడగలేదు. రోజూ పొద్దున్నే సుబ్బరత్నానికి ఫోన్ చేసి బరువెంతని అడిగేది. ముసలామె అంకె చెప్పి పెట్టేసేది. అంతకుమించి ఒక్క మాట మాట్లాడేది కాదు. కానీ మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాల్సిన అవసరం ఆమెకి రాలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం త్రికోటేశ్వరరావు జహీర్ ఇంటికొచ్చాడు. గుల్జార్ బేగానికి కూతురు అంతా చెప్పే ఉంచింది. ఆమె అతన్ని తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు. అతను మంచం దగ్గరికెళ్ళి, గోడకున్న మేకుకి కటింగ్ ప్లేయర్ పట్టించాడు.

“దాన్ని ముట్టుకోకు” అంది షాహీన్ వంటింట్లోంచి వస్తూ.

“ఇదొక్కటే మిగిలిందమ్మా.”

“మిగలాలి. నా సంచి దానికే తగిలిస్తా. పొద్దున్నే సంచి తీసేటప్పుడు ఆ మేకు కనపడాలి. నువ్వు చేసింది గుర్తుండాలి, నేను చేసింది కూడా గుర్తుండాలి.”

అతను కటింగ్ ప్లేయర్ కిటికీలో పెట్టి, గుమ్మం దగ్గర కూలబడ్డాడు. ఎండన పడి తిరిగి తిరిగి పెదాలు ఎండిపోయాయి. గుక్కెడు మంచినీళ్ళిమ్మని అడిగాడు. గుల్జార్ బేగం కదల్లేదు. షాహీన్ వెళ్ళి కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చింది. అతను గ్లాసు అందుకున్నాడు కానీ, నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. నీళ్ళ వైపు ఒకసారి, ఆమె మొహం వైపు ఒకసారి చూశాడు.

“ఉప్పు కలపలేదులే, తాగు” అంది షాహీన్.